బంక లేని జాజు

వాన వెలిసింది గాని అమీర్‌పేట అంగడి ఇంకా కారుతూనే ఉంది. తల మీద గోనెసంచులు కప్పుకున్న ఆడవాళ్లు గంపల ముందు అట్లాగే కూచున్నారు. పొద్దుటి నుంచి కొనేవాడు లేడు. ఐలయ్యకు మాత్రం పని తప్పలేదు. గుమాస్తా సారయ్య వెనకాల బురదలో కాళ్లీడ్చుకుంటూ రెండోసారి వసూలుకు బయల్దేరాడు.

అంగట్లో గంప దించితే సర్కారుకు అణా కట్టాలి. అణా తీసుకున్నవాడు రసీదు చించి ఇవ్వాలి. చించిన రసీదుల లెక్కన డబ్బు ఖజానాలో పడాలి. కానూను చక్కగానే ఉంది. కానీ ఈ అంగట్లో రసీదు ముఖం చూసినవాళ్లెవరు? అణా కట్టిన గంపకు గుర్తుగా జాజు, అదే ఎర్రమట్టి, వేలెడంత పూస్తారు. పై అధికారి తనిఖీకి వచ్చిన నాడు తప్ప రసీదు పుస్తకం సారయ్య పెట్టెలోంచి బయటికి రాదు. జాజుకు ఖజానాలో లెక్కేముంటుంది? ఆ డబ్బు ఎటు పోతోందో సారయ్య కట్టిస్తున్న మేడను చూస్తే చాలు.

ఆ జాజు పూసేది ఐలయ్యే. నెలకు తొమ్మిది రూపాయలు. యుద్ధం వచ్చి జొన్నల ధర మండిపోతున్న రోజుల్లో ఆ తొమ్మిది మీదే ఇంట్లో ఐదు కడుపులు. ఇదివరకు జాజులో తుమ్మబంక కలిపేవాడు, గీకినా పోయేది కాదు. వానలు మొదలు కాగానే "బంక దండగరా, ఉత్త నీళ్లు చాలు" అన్నాడు సారయ్య. ఎందుకన్నాడో ఐలయ్యకు అప్పుడే తెలిసింది. తెలిసీ నోరు మూసుకున్నాడు.

"గుర్తేదే ముసల్దానా?" సారయ్య బుచ్చమ్మ గంప ముందు ఆగాడు.

బుచ్చమ్మ పంజాగుట్ట అవతలి తోటల్లో పుంటికూర కోసుకుని నెత్తిన మోసుకొస్తుంది. "పొద్దుగాల్నే ఇచ్చిన సాబు. గీ ఐలయ్యనే జాజు పెట్టిండు. వానకు కొట్కపోయింది" అంది.

"పోతే నేనేం జెయ్యాలె? గుర్తు లేకుంటె ఇయ్యనట్టే. అణా తియ్యి."

"యాడికెల్లి తియ్యాలె? బోణి సుత కాలే. పొద్దుగాల ఇచ్చింది పక్కింట్ల బదులు తెచ్చిన అణా."

"అయితే గంప జప్తు. ఎత్తురా ఐలిగా."

గంప పోతే ఈ పూట కూర పోవడమే కాదు, రేపు మోసుకు రావడానికీ ఏమీ ఉండదు. ముసలిది ఏడవలేదు, బతిమాలలేదు. ఐలయ్య వంక చూసింది.

"నువ్వన్న జెప్పు బిడ్డా. ఇచ్చిన్నా, లేదా?"

ఐలయ్యకు ఒళ్లు మండింది, ముందు ఆమె మీదే. ఇంతమందిలో నన్నే అడగాలా? ఇంటి దగ్గర పెళ్లాం జీతం కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తోంది. అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు, నోరు మూసుకుని గంప ఎత్తితే చాలు. వంగి గంప అంచు పట్టుకున్నాడు. గంప మీద జాజు చుక్కయినా లేదు. అతని గోళ్లలో మాత్రం పొద్దుటి ఎరుపు ఇంకా పోలేదు. సిగ్గేసింది. చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఇచ్చింది, గుమాస్త సాబు. నేనే తీస్కున్న. గీ వరసల అందరు ఇచ్చిన్రు."

"ఏందిరా? నౌకరి ఫికర్ లేదా నీకు?"

"ఉన్నది. మస్తున్నది. మీరు రసీదు చింపుండ్రి, రేపటి సంది ఎండైనా వానైనా వసూల్ జేస్త. జాజు మాత్రం ఇగ పెట్ట."

"రేపటి సంది నువ్వు రానే రాకు" అని సారయ్య తానే వంగాడు. తడిసిన పుంటికూర ఎంత బరువో ఆయనకేం తెలుసు? గంప మోకాళ్ల దాకా లేచింది, నడుము దాకా వచ్చింది, అక్కడే ఆగింది. నిండు గంప నెత్తికెత్తుకోవాలంటే ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. అంగట్లో అది అడగకుండానే జరిగే పని. దారిన పోయేవాడైనా ఆగి ఓ చెయ్యి వేసి పోతాడు.

"ఎవరన్న జర చెయ్యి వెయ్యుండ్రి" అన్నాడు సారయ్య.

వరసలో ఎవరూ లేవలేదు. అలవాటు కొద్దీ ఐలయ్య చేతులు ముందుకు రాబోయాయి. వాటిని చంకల్లో బిగించుకుని నిలబడ్డాడు. తెల్లని షేర్వానీ మీదుగా బురదనీళ్లు కారుతుంటే, సారయ్య ఆ గంపను పైకెత్తనూ లేక, అంతమంది ముందు కింద పెట్టనూ లేక, అంగడి నడుమ అట్లాగే ఉండిపోయాడు.