తోకల మాస్టారి అక్షరాలు

ముక్కు కాగితానికి ఆనేంతగా వంగి, తోకల మాస్టారు చివరి అక్షరంలో నల్ల ఇంకు నింపుతున్నాడు. నాటకాల పోస్టర్ల కోసం ఆయన గీసే అక్షరాలకు మంటలు లేచినట్టు తోకలుంటాయి, వాటి మధ్య వెంట్రుకవాసి గీతలుంటాయి. ఆ పేరు అందుకే వచ్చింది. ఇంతింత తోకల అక్షరాలు ఎదురొస్తే పక్కకు జరిగి దారివ్వాలని ప్రెస్సులో వాళ్ళు నవ్వేవారు. నవ్వనీ, ఎవడి సొమ్మేం పోయింది! ఆరేళ్ళు, గుణింతాలూ వత్తులూ కలిపి ఆరొందల బొమ్మలు. ఇవాళ్టితో అయిపోయాయి.

తొలి పోస్టర్‌ను పొద్దున్నే బస్టాపు ఎదుటి గోడకు అంటించారు. నాటక సమాజానికి నచ్చితే ప్రెస్సు యజమాని అక్షరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. లేకపోతే అటకే గతి. మళ్ళీ గీద్దామంటే మాస్టారికి అంత చూపు మిగల్లేదు.

చూపు తగ్గడం మొదలయ్యాకే ఆయన ఈ పనికి కూర్చున్నాడు. ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. పోస్టర్ అక్షరాన్ని గోడకు తగిలించి, రోడ్డు అవతల నిలబడి చూసుకోవాలి. ఈ పనిలో అది అఆల పాఠం. అవతలికి వెళ్తే ఆయనకు గోడే కనబడదు. అందుకని మానేశాడు. బల్లమీద చూసినవాళ్ళంతా ఆహా అన్నారు, అదే చాలనుకున్నాడు.

భార్య చెయ్యి పట్టుకుని బస్టాపుకు వెళ్ళాడు. చదవమంటే ఆవిడ నాటకం పేరు గడగడా చదివేసింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది.

పక్కన బస్సు కోసం నిలబడ్డ ఒకామె అడిగింది. "ఏంటక్కా ఆ గోడమీద? చెట్టు వేళ్ళ బొమ్మా?"

మాస్టారు భార్య వైపు తిరిగాడు.

"నీకు కనిపించిందా?"

"ఇంట్లో చూశాను కదండీ."

దూరానికి సన్నగీతలన్నీ మాయమై తోకలే మిగిలాయని ఆయనకు వెంటనే అర్థమైంది. ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరు.

మధ్యాహ్నం యజమాని ఫోన్ చేశాడు. సమాజంవాళ్ళు వేరే అక్షరాలు అడిగారని ఎంతో మర్యాదగా చెప్పాడు. తిట్టినా బాగుండేది.

మాస్టారు అన్నం ముట్టలేదు. మళ్ళీ బల్ల దగ్గరకు వెళ్ళాడు.

"మొదటినుంచీ గీస్తాను," అన్నాడు.

ఎన్నేళ్ళు పడుతుందో ఆవిడకు తెలుసు. ఆ కళ్ళు అన్నేళ్ళు ఆగవనీ తెలుసు.

"గీయండి," అంది.

సాయంత్రం టీ తెచ్చేసరికి ఆయన బల్లమీద తలవాల్చి ఉన్నాడు. కునుకు పట్టిందేమోనని కాసేపు నిలబడింది. తర్వాత భుజం తట్టింది. ఒళ్ళు చల్లగా ఉంది. గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక చేత్తోనే పట్టుకుని అలా కూలబడింది.

బల్ల చివర, ఆరడానికి దూరంగా జరిపిన కాగితం మీద ఒక్క 'అ' ఉంది, తోక లేకుండా, బొటనవేలంత లావు గీతలతో.