తుక్కుకి వేశానన్న కారు

తాడేపల్లిగూడెం టాక్సీ స్టాండులో ఒకప్పుడు ఫయాజ్ అంబాసిడర్ అంటే తెలియనివాళ్ళు లేరు. పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, ద్వారకా తిరుమల మొక్కులకీ అందరికీ ఆ తెల్లకారే కావాలి. ఆ తర్వాత కరోనా వచ్చింది. రెండోసారి వచ్చినప్పుడయితే అంబులెన్సులు దొరక్క, దొరికినా రాక, జనం అల్లాడిపోయారు. అప్పుడు ఫయాజ్ మొహం కనపడకుండా మాస్కు కట్టుకుని, ఒంటికి ఆ ప్లాస్టిక్ సూటు తగిలించుకుని కారు బయటికి తీశాడు. బతికున్నవాళ్ళని ఏలూరు ఆస్పత్రికి చేర్చాడు. పోయినవాళ్ళని శ్మశానానికి చేర్చాడు.

ఆ నెలల్లో ఊరంతా అతన్ని దేవుడంది. ఊరికేం, అంటుంది. రోగం సద్దుమణిగి జనం మాస్కులు తీసి జేబుల్లో పెట్టుకున్నారో లేదో, ఆ దేవుడి కారు ఎక్కడానికి ఒక్క ప్రాణి రాలేదు. శవాల్ని మోసిన బండి మరి! అలాగని ఎవరూ మొహం మీద అనరు. మన గోదావరి వాళ్ళకి మర్యాద ఎక్కువ కదా. "ఈసారికి మా బావమరిది కారుందండీ" అంటారు. ఎంతమందికి ఎన్ని బావమరుదుల కార్లున్నాయో ఫయాజ్‌కి ఆ ఏడాదే తెలిసింది. కోపం రాలేదు గానీ, ఏడుపు మాత్రం వచ్చింది. కారుని ఇంటి పక్క రేకుల షెడ్డులోకి తోసేసి, ఓ స్కూలు వ్యాను నడపడానికి కుదిరాడు. కార్లో అతని భార్య పర్వీన్ పెంచే కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి.

కొన్నేళ్ళు అలాగే గడిచాయి. ఈలోగా పెళ్ళిళ్ళవాళ్ళకి కొత్త సరదా పట్టుకుంది. ఎంత ఖరీదయిన కారున్నా సరే, పెళ్ళికూతురు దిగడానికి మాత్రం తాతల కాలంనాటి కారు కావాలి, ఫొటోలకి. ఆ మాట ముందు పట్టుకున్నది పర్వీనే.

"మన బండిని పెళ్ళికారు చేద్దామండీ."

"జనానికి గుర్తుండదా ఏం?"

"వాళ్ళకి గుర్తున్నది తెల్లరంగు. రంగు మార్చెయ్యండి" అంది పర్వీన్.

అలా మొదలయింది ఆ పని. స్కూలు లేని రోజు వస్తే చాలు, ఫయాజ్ షెడ్డులోనే ఉండేవాడు. తుప్పు పట్టిన ఫ్లోరు కోసి కొత్త రేకు వెల్డింగు పెట్టాడు. సొట్టలు తీశాడు, లప్పం పెట్టాడు, అరచేతులు బొబ్బలెక్కేదాకా రుద్దాడు. ఇంజను విప్పి నేల మీద పరిచి, మళ్ళీ ఎక్కించాడు. ఏలూరు పాతసామాను కొట్లలో తిరిగి తిరిగి ముందు గ్రిల్లూ, బంపర్లూ సంపాదించాడు. పైన మీగడ రంగు, కింద మెరూను. టైర్లకి తెల్ల అంచులు, లోపల నీలం లైట్లు, పాటల పెట్టె. పర్వీన్ మిషను మీద కూర్చుని సీట్లకి మెరూను రెక్సిన్ కుట్టింది. పాత సీట్లని ఇద్దరూ కలిసి పెరట్లో తగలబెట్టారు. ఉన్న మాట చెప్పుకోవాలంటే, అందులో బాగుచెయ్యడం సగమే. మిగతా సగం ఆనవాళ్ళు చెరపడం.

ఎవరన్నా అడిగితే చెప్పడానికి ఓ మాట కూడా తయారు చేసుకున్నాడు. "ఆ పాతది తుక్కుకి వేసేశానండీ. ఇది రాజమండ్రిలో ఒక డాక్టరు గారిది, కొనుక్కొచ్చాను." మొదట్లో ఆ మాట అంటున్నప్పుడు గొంతు తడబడేది. తర్వాత తర్వాత డాక్టరు గారికి ఓ పేరూ, ఓ వీధీ కూడా వచ్చేశాయి. నల్లజర్లవాళ్ళు ఒక పెళ్ళికి మాట ఇచ్చారు. ఇంకో రెండు ఫోన్లు వచ్చాయి. ఫయాజ్‌కి మళ్ళీ మనిషినయ్యాననిపించింది. స్టాండు వైపు వెళ్ళి టీ కూడా తాగొచ్చాడు.

ఇలా ఉండగా ఓ ఆదివారం గణపవరం వైపు నుంచి ఇద్దరు ఆడవాళ్ళు కారు చూడ్డానికి వచ్చారు. పెద్దావిడ రాజ్యం గారు, పెళ్ళికొడుకు తల్లి. వెంట వచ్చిన అమ్మాయి శ్రీదుర్గ. పెళ్ళికూతురే స్వయంగా కారు చూడ్డానికి రావడం ఫయాజ్‌కి వింతగా ఉంది.

"కారు నేనే చూసుకుంటానని ఒకటే పట్టండీ" అంది రాజ్యం గారు, నవ్వుతూ బానెట్టు మీద చెయ్యేసి. "బావుందండీ. బొమ్మలా ఉంది. కాకపోతే శుభకార్యం కదా, అడిగానని ఏమీ అనుకోకండి. ఇందులో అలాంటివేవీ జరగలేదు కదా?"

"అబ్బే, లేదండీ. డాక్టరు గారి బండి. ఆయనా వాళ్ళావిడా తప్ప ఎవరూ ఎక్కలేదు" అన్నాడు ఫయాజ్. ఒక్క మాట కూడా తడబడలేదు.

శ్రీదుర్గ ఆ మాటలు వింటున్నట్టు లేదు. కారు చుట్టూ తిరిగి ఎడమవైపు వెనక తలుపు దగ్గర ఆగింది. తీసింది, వేసింది. మళ్ళీ తీసింది.

"మీకు ఇంతకుముందు తెల్లకారు ఉండేదట కదండీ. స్టాండులో చెప్పారు. అది ఇది కాదాండీ?"

"కాదమ్మా. దాన్ని తుక్కుకి వేసేశాను."

"తుక్కంటే ఎక్కడండీ? ఏలూరులోనా? దాని తలుపులు ఇంకా ఉంటాయంటారా?"

"తలుపులేమిటమ్మా?" అంది రాజ్యం గారు.

శ్రీదుర్గ ఆవిడ వైపు చూడలేదు. ఫయాజ్‌తోనే అంది, కాబోయే అత్తగారు పక్కనే ఉన్నారన్న మొహమాటం కూడా లేకుండా.

"మా నాన్నని ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆ కారేనండీ. బాపిరాజు గారని, మాకు చేపల చెరువు ఉండేది. ఆయన ఒక్కరే ఎక్కారు. నేనూ వస్తానని పరిగెత్తి తలుపు లాగాను. రాలేదు. ఇంకోసారి లాగొచ్చు కదండీ? లాగలేదు. రోగమంటే భయమేసింది. కారు వెళ్ళిపోయింది. నాన్న మరి ఇంటికి రాలేదు. డొక్కు కారు, తలుపు బిగుసుకుపోయిందని అమ్మతో చెప్పాను. అందరితోనూ అదే చెప్పాను. నిజంగా అది బిగుసుకుందో, నేనే గట్టిగా లాగలేదో నాకిప్పటికీ తెలీదండీ. ఆ తలుపు ఒక్కసారి లాగి చూద్దామని వచ్చాను."

ఫయాజ్‌కి ఆ రోజు కళ్ళ ముందు కదిలింది. ఆ అమ్మాయి మొహం అతనికి గుర్తులేదు. అప్పుడు అందరి మొహాలకీ మాస్కులే. గుర్తున్నది ఆ తండ్రి. పొడుగాటి మనిషి, ఊపిరందక వంగిపోయి కూర్చున్నాడు. అద్దం అవతల ఓ పిల్ల తలుపు లాగుతోంది.

చెప్పడం ఎంతసేపు? కానీ చెబితే అయిపోయినట్టే. రాజ్యం గారు ఇక్కడే ఉన్నారు. ఆవిడకి తెలిస్తే సాయంత్రానికి గణపవరంలో తెలుస్తుంది, రేపటికి నల్లజర్లలో తెలుస్తుంది. ఇన్నాళ్ళ పనీ, పర్వీన్ కుట్టిన సీట్లూ, అన్నీ మళ్ళీ కోళ్ళ పాలే. "పోనిద్దురూ అమ్మా, పాత తలుపులు బిగుసుకుంటూనే ఉంటాయి" అనేస్తే సరిపోతుంది. ఆ పిల్లకి అంతమాత్రం ఊరట చాలు. అనబోయాడు కూడా. కానీ అది అబద్ధం. నిజం ఆ ఊరట కంటే పెద్దది. అది ఆ పిల్ల సొత్తు. ఇన్నాళ్ళూ తన దగ్గర ఉండిపోయింది, తను దాన్ని రంగు కింద దాచేశాడు.

పర్వీన్ టీ కప్పులతో వచ్చి గుమ్మంలో నిలబడింది. అంతా విన్నట్టే ఉంది.

"ఇదే ఆ కారమ్మా" అన్నాడు ఫయాజ్.

రాజ్యం గారు బానెట్టు మీంచి చెయ్యి తీసేసింది.

"తుక్కుకి వెయ్యలేదు. డాక్టరూ లేడు, ఎవరూ లేరు. అబద్ధం చెప్పాను. మీ నాన్నగారిని తీసుకెళ్ళింది నేనే. మీరు లాగింది ఈ తలుపే. అది బిగుసుకోలేదమ్మా. మీ నాన్నగారు లోపల్నించి లాకు నొక్కి, దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. మీరు ఎన్నిసార్లు లాగినా రాదు. 'పోనివ్వండి బాబూ, తొందరగా పోనివ్వండి, అమ్మాయి ఎక్కేస్తుంది' అన్నారు."

ముందు తేరుకున్నది రాజ్యం గారే. చీర చెంగుకి అరచెయ్యి తుడుచుకుంటూ, "పదమ్మా, వెళ్దాం. కారు సంగతి ఇంట్లో మాట్లాడుకుందాం" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. వేరే కారు చూసుకున్నామని ఇలాగే మెత్తగా చెప్పేవాళ్ళని ఫయాజ్ చాలామందిని చూశాడు.

శ్రీదుర్గ కదల్లేదు. తెరిచిన తలుపు పట్టుకుని, లోపల ఆ ఖాళీ సీటు వైపు చూస్తోంది. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచినట్టు లేదు.

"ఇంకోసారి చెప్పండి" అంది.

రాజ్యం గారు గుమ్మం దగ్గర ఆగింది. బయట ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు కూడా చేరారు. ఫయాజ్ వాళ్ళని చూశాడు. చూసి, గొంతు తగ్గించకుండా మొదటినుంచీ మళ్ళీ చెప్పాడు. తెల్లకారు, మీ ఇంటి ముందు ఆపాను, మీ నాన్నగారు ఎడమవైపు ఎక్కారు, ఎక్కగానే లాకు నొక్కారు అని.

"ఎప్పటిదాకా నొక్కి ఉంచారండీ?"

"మీరు పరిగెత్తుకొస్తారేమోనని వెనక అద్దంలోంచి చూస్తూనే ఉన్నారు. నారాయణపురం దగ్గర హైవే ఎక్కేదాకా ఆ చెయ్యి తియ్యలేదమ్మా."