వదినా, వదిలావా?

ఆ ముందుగదిలో కంప్యూటర్లు రెండు, డిస్కు పెట్టె ఒకటి. పెట్టె చెప్పుల డబ్బా అంత ఉంటుంది. దాని వెనక నుంచి బయల్దేరిన రెండు తీగల్లో ఒకటి వదిన బల్ల మీదికీ, ఇంకొకటి మరదలి బల్ల మీదికీ పోతాయి. బల్లల మధ్య నిలువెత్తు చెక్క అలమార. ఒకరి మొహం ఒకరికి కనబడదు, గొంతు మాత్రం భేషుగ్గా వినబడుతుంది. వచ్చిన చిక్కంతా ఆ గొంతుతోనే వచ్చింది.

పెట్టెలో ఉన్నవి మరదలి నాన్న రాసిన అక్షరాలు. ఆయన నలభై ఏళ్ళు దుకాణాలకు బోర్డులు రాసి పెద్దకుంచె అనిపించుకున్న మనిషి. చెయ్యి వణకడం మొదలుపెట్టగానే, కూతురూ కోడలూ కలిసి ఆయన రాతను కంప్యూటరు ఫాంటుగా చేస్తామని కూర్చోబెట్టారు. ఆయన రోజుకో అక్షరం నల్ల పలక మీద తెల్ల రంగుతో రాసేవాడు. కూతురు ఫొటో తీసీ తియ్యగానే తడిగుడ్డతో తుడిచేసి "ఊఁ, ఇంకోటి" అనేవాడు. పలక ఖాళీగా లేకపోతే ఆయనకు తోచేది కాదు. ఇప్పుడు గ్లాసు పట్టుకుంటేనే నీళ్ళు ఒలికిపోతున్నాయి. మళ్ళీ రాయమంటే రాయలేడు. అంటే ఆ అక్షరాలు ఈ భూమ్మీద ఉన్నది ఆ చెప్పుల డబ్బాలోనే. ఇంకో చోట కూడా నకలు పెట్టుకోవాలని వదినా మరదళ్ళు రోజూ అనుకునేవాళ్ళు. అనుకోవడంలో ఇద్దరికి ఇద్దరూ ఘనులే.

పెట్టె అమ్మినావిడ, డిస్కుల డాక్టరమ్మ అని ఆ వీధిలో పేరు పడ్డావిడ, మొదట్లోనే హెచ్చరించింది.

"తీగలు రెండున్నాయి కదా అని ఇద్దరూ ఒకేసారి తగులుకోకండి. రెండోది ఉందన్న సంగతి ఏ కంప్యూటరుకీ తెలీదు. ఎక్కడ ఖాళీ ఉందో దేనికదే గుర్తుపెట్టుకుంటుంది. ఒకటి రాసిన చోటే రెండోది తీసుకెళ్ళి రాసేస్తుంది. ఒకళ్ళు వదిలాకే ఇంకొకళ్ళు పట్టుకోవాలి."

వదిలాకే అన్న మాట చెవిన పడగానే మరదలికి నోరు ఊరుకోలేదు. ఆ పూటే ఒక కట్టడి పెట్టేసింది. పెట్టె కావాలంటే ఇవతల నుంచి "వదినా, వదిలావా?" అని అరవాలి. అవతల నుంచి "వదిలా, మరదలా!" అని జవాబు వచ్చాకే ముట్టుకోవాలి. వదినకు కావలసి వస్తే "మరదలా, వదులు!" అనేది. ఆరు నెలలపాటు ఆ ఇంట్లో పని ఇలా పాటలాగా సాగిపోయింది. తన తెలివికి మరదలు లోలోపల తెగ మురిసిపోయింది కూడా.

ఆ రోజు పొద్దున వదిన 'వ' ఫొటో శుభ్రం చేస్తోంది. అన్నిటికంటే అందంగా కుదిరిందని ఆ అక్షరాన్ని చివరికి దాచుకుంది. మరదలి చేతిలో 'ళ' తయారైంది. పెట్టెలో పెట్టాలి.

"వదినా, వదిలావా?" అని అరిచింది.

సరిగ్గా అప్పుడే పెరట్లోంచి అమ్మ కూడా అరిచింది. "అమ్మాయ్, మొక్కలకి నీళ్ళు వదిలావా?"

"వదిలా!" అంది వదిన.

చివర్న మరదలా అన్న ముక్క రాలేదు. తొందరలో మింగేసిందిలే అనుకుంది మరదలు. తీగ కలిపి 'ళ'ను పెట్టెలోకి పంపింది. అవతల వదిన కూడా అంతకు క్షణం ముందే నింపాదిగా 'వ'ను పంపింది.

కాసేపటికి అలమారకు అటు నుంచి, "ఏమే, నా తెర మీద అక్షరాలన్నీ ఏమయ్యాయి?" అని వినబడింది. మరదలు తన తెర చూసుకుంది. అక్కడా ఏమీ లేవు.

"నువ్వు వదిలానన్నావుగా వదినా!"

"నేనన్నది నీళ్ళు!"

ఇద్దరూ అలమారకు చెరో పక్క నుంచి తలలు బయటపెట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరదలికి మాత్రం ఏడుపే వచ్చింది. ఆ కట్టడి పెట్టింది తను. నాన్న చెయ్యి ఇక తిరిగి రాదు.

డాక్టరమ్మ పరుగున వచ్చింది. ముందు రెండు తీగలూ పీకేసింది. "ఇక దీని మీద ఒక్క గీత కూడా రాయకండి" అని పెట్టెను తన కంప్యూటరుకు తగిలించుకుని మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. అంతసేపూ మరదలు కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతూనే ఉంది.

"చెరిగిపోయింది అక్షరాల జాబితానే, అక్షరాలు ఉన్నాయి" అంది డాక్టరమ్మ చివరికి. "అన్నీ దొరికాయి, ఒక్కటి తప్ప. 'వ' ఉన్న చోట 'ళ' కూర్చుంది. అదింక రాదు."

'వ' లేకుండా తెలుగులో ఒక పేజీ రాయమనండి చూద్దాం. మరదలు మంచినీళ్ళు కూడా ముట్టకుండా నాన్న గదిలోకి వెళ్ళి నిలబడింది.

"నాన్నా, నా వల్ల ఒక అక్షరం పోయింది."

"ఏదే?"

"వ."

ఆయన కుర్చీ కదిలేలా నవ్వాడు. "ఓసి పిచ్చిమొహమా! 'మ' ఉందా?"

"ఉంది."

"నేను 'మ' ఎలా రాస్తాననుకున్నావ్? ముందు 'వ' రాస్తా. కుంచె ఎత్తుతా. పక్కన తోక తగిలిస్తా. ఆ తోక తీసెయ్యి!"

ముగ్గురు ఆడవాళ్ళూ తెర చుట్టూ మూగారు. 'మ'ను పెద్దది చేశారు. ఆయన వణికే వేలితో చూపించాడు. "ఇదిగో, ఇక్కడ ఎత్తా." నిజంగానే ఆ చోట రంగు సన్నగా ఆగి, మళ్ళీ మొదలైంది. మరదలు ఆ సందు దగ్గర తోక కత్తిరించింది. నాన్న రాసిన 'వ' తెర మీద నిండుగా కూర్చుంది. వదిన మరదల్ని గట్టిగా వాటేసుకుంది. ఇద్దరూ ఆయన ముందే ఏడ్చేశారు, ఈసారి హాయిగా.

డాక్టరమ్మ వెళ్ళే ముందు మూడు నకళ్ళు తీయించింది. ఒక కంప్యూటరు పట్టుకుని ఉంటే రెండోదాన్ని పెట్టె దగ్గరికి రానివ్వని తాళం కూడా పెట్టింది. "పట్టుకున్నవాళ్ళు ఎంత పిలిచినా పలక్కపోతే? ముందు వాళ్ళ తీగ పీకి, ఆ తర్వాతే మీరు పట్టుకోండి" అంది.

"అంటే నన్ను పీకేస్తుందన్నమాట!" అంది వదిన.

నాన్న తన పాత కుంచె తెచ్చి బల్ల మీద పెట్టాడు. "మీ తాళం మీది, నా తాళం ఇది. ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే రాయాలి. మాట ఇద్దరికీ వినబడుతుంది. కుంచె ఇద్దరి చేతుల్లో ఉండదు."

సాయంత్రం మరదలు నాన్న అక్షరాలతో "వదినా, వదిలావా?" అని అచ్చు తీసి అలమారకు అంటించింది. కుంచె పట్టుకుని పని చేసుకుంటున్న వదిన తల తిప్పి చదివింది.

"మూడు 'వ'లున్నాయే!"

"మూడూ మరదల్లో 'మ' ఇచ్చినవే, మర్చిపోకు."

"మరి తోక?"

"అది నాకే ఉంచుకున్నా."

పెరట్లోంచి అమ్మ కేక వేసింది. "అమ్మాయ్, వదిలావా?"

మరదలు అలవాటుగా తీగ మీదికి పోయిన వేళ్ళను టక్కున తీసేసింది. వదిన తన చేతిలోకి ఒకసారి చూసుకుని, గొంతెత్తి జవాబిచ్చింది.

"నీళ్ళయితే వదిలా అత్తయ్యా, కుంచె మాత్రం వదల్లేదు!"