పెద్ద సగం

ఆవునొక్కదాన్నే తెచ్చుంటే ఈపాటికి ఇంట్లో సంగటి తింటుండేవాణ్ణి, దూడను కూడా తేవాలన్నది ఉమాపతి పిచ్చి, తల్లినీ బిడ్డనూ ఇడదీస్తే పాపం తగుల్తాదన్నా అంటాడు, దొంగతనానికి తగలని పాపం దానికి తగులుతుందట, నిన్న పుంగనూరులో ఆ పొట్టి ఆవును చప్పుడు లేకుండా ఆటో ఎక్కించాం, మదనపల్లె దాటకముందే దూడ అరిచింది, పోలీసులు ఆపారు, పరిగెత్తరా అని వాణ్ణి తోసిందీ నేనే, దొరికిందీ నేనే, ఇప్పుడు కుప్పం రైల్వే స్టేషన్ ఎదురుగా పాపక్క టీ కొట్టులో వాడి కోసం కాచుకుని కూర్చున్నాను, విడిపోతే ఇక్కడే కలవాలని మా ఒప్పందం, వెనక బెంచీలో పేపరు చదువుతున్న ఇద్దరూ మఫ్టీ పోలీసులు, వాడు వస్తానే లేచి భుజం మీద చెయ్యెయ్యి, నిన్ను ఇంటికి పంపిస్తా అన్నాడు ఎస్సై, సరే సార్ అన్నాను, నా పెళ్లాం వెంకటలక్ష్మికి నెలలు నిండాయి, ఇంట్లో ఒక్కతే ఉంది, అయినా సిగ్గులేని నోరు, ఎంత తొందరగా సరే అనేసింది.

ఒక్కటి మాత్రం ఎస్సైకి చెప్పలేదు, ముందు వచ్చినవాడు వన్ బై టూ చెబితే దారి బాగున్నట్టు, రెండు ఫుల్ చెబితే ఆగకుండా పారిపొమ్మని మా గుర్తు, ఇన్నేళ్లూ ఒక్క టీనే ఇద్దరం తాగాం, పంచేది వాడే, వి.కోట దగ్గర నాకు జ్వరమొస్తే పట్టుకొచ్చిన ఆవును వదిలేసి నన్ను వీపున మోశాడు వెధవ, ఆవు కన్నా నువ్వే బరువుండావన్నా అని ఏడాదంతా ఎగతాళి చేశాడు, అదిగో, వేరుశనగకాయలు ఒలుచుకుంటూ అత్తారింటికొచ్చిన అల్లుడిలా వస్తున్నాడు, లేవాలి, లేవను, వెంకటలక్ష్మీ, నన్ను తిట్టుకోవే, పాపక్కా, రెండు ఫుల్ టీ.

రోడ్డు మధ్యలో ఆగాడు, విన్నాడు, పోరా, బెంగళూరు రైలు కదలబోతోంది, పో, పోలేదు, వచ్చి నా పక్కన కూర్చుని వాడే నా భుజం మీద చెయ్యేశాడు, ఏలన్నా రెండు, మనకెప్పుడూ ఒకటే గదా, పాపక్కా, ఒకటే టీ పొయ్యి, నన్ను పట్టిస్తే నిన్ను ఇడుస్తామనుంటారు, నాకు తెలీదా, వదిన ఒక్కతే ఉండాది, నువ్వు ఇంటికి పో, వెనక పేపరు మడిచిన చప్పుడు, ఇద్దరూ లేచారు, వాడు తొందరపడకుండా టీ పంచాడు, నా గ్లాసు నిండుగా ఉంది, వాడిది అడుగునే ఉంది, ఇన్నేళ్లూ సగం సగం తాగుతున్నామనే అనుకున్నాను.