నారింజ రంగు రెయిలింగ్

కరెంటు స్తంభం మీద గూడు, అందులో పిల్లకు చేప అందిస్తున్న కోనోతోరి కొంగ. మా జపాన్‌లో ఒకప్పుడు మాయమైపోయిన పక్షి అది. వారంలో లక్షల మంది పంచుకున్న ఆ ఫోటో నిజమో కాదో తేల్చడం మా పని.

"అది దొంగ ఫోటో చిహారూ," అన్నారు టోక్యో నుంచి ఫోనులో మా పై అధికారి కురమోచి గారు. "రోడ్డు పక్క రెయిలింగ్ నారింజ రంగులో ఉంది చూడు. జపాన్‌లో ఎక్కడైనా తెల్లగానే ఉంటుంది. కంప్యూటర్‌తో బొమ్మ చేయించినవాడు అక్కడే దొరికిపోయాడు."

నాకు ఒళ్లు మండింది.

"మీరెప్పుడైనా మా యామగుచి ప్రాంతానికి వచ్చారా?"

"లేదు. ఏం?"

"ఇక్కడ పండే పుల్ల నారింజల రంగే మా రెయిలింగులకు వేస్తారు. నేను పుట్టకముందు నుంచీ అంతే. టోక్యోలో లేనిదల్లా అబద్ధమేనా?"



ఫోటోలో రెయిలింగ్ వెనక ఉన్న సొరంగం నాకు తెలిసిందే. గంటన్నర కారు నడిపి వెళ్లాను. గూడు అక్కడే ఉంది. కాసేపు చూసి ఫోన్ చేశాను.

"ఫోటోలో తప్పుంది, కురమోచి గారూ."

"నేను ముందే చెప్పలేదా?"

"పిల్ల ఒకటి కాదండీ. మూడు."