థర్కెటిల్ బంట్రోతు

మా దేశంలో, రాత్రిపూట దీపాల చుట్టూ మూగే చిమ్మటలకు పేర్లు పెట్టినవాళ్లకు వేరే పనీపాటా లేదనుకుంటాను. ఒకదాని పేరు ముసలమ్మ, ఒకదాని పేరు తాగుబోతు. ఎంత చూసినా ఫలానా అని తేలని దానికి 'అనుమానం' అనే పేరే ఖాయం చేశారు. రెక్కలు ఒంటికి చుట్టుకుని బిగదీసుకుని కూర్చునే సన్నటివి బంట్రోతులు. ఆ పేర్లన్నీ నాకిష్టమే, ఒక్క థర్కెటిల్ బంట్రోతు తప్ప.

సముద్రం దాటి కొత్తగా వచ్చిన చిమ్మటకు, మొదట దాన్ని పట్టినవాళ్ల ఇంటిపేరు పెట్టడం మావాళ్లలో ఉంది. దీన్ని మొదట పట్టింది నేను, ఎనిడ్ హాగ్‌బెన్‌ని. కెంట్ తీరంలో గులకరాళ్ల మీద మా ఇల్లు. ముప్పై ఏళ్లు బడిలో వంట చేశాను. నాకు పిల్లలు లేరు. హాగ్‌బెన్ అనే పేరు ఒక పురుగు మీదైనా మిగిలితే చాలని ఆశపడ్డాను. నవ్వితే నవ్వండి.

నాకు ఈ విద్య నేర్పింది డాక్టర్ థర్కెటిల్ గారే. జిల్లాలో ఎవరు ఏ చిమ్మటను చూసినా ఆయన ఒప్పుకుంటేనే జాబితాలోకి ఎక్కేది. గుండుసూదికి గుచ్చిన ప్రతి చిమ్మట కింద గోరంత చీటీ పెట్టి, ఊరు, తేదీ, పట్టినవాళ్ల పేరు రాయడం ఆయనే చూపించాడు.

"చీటీ లేని చిమ్మట చెత్తతో సమానం, ఎనిడ్," అనేవాడు. "అబద్ధం ఇంకెక్కడైనా ఆడుకో. చీటీ మీద మాత్రం ఆడకు."

ఎనభై నాలుగు ఆగస్టు తొమ్మిది. పొద్దున్నే, చిమ్మటల్ని పట్టడానికి రాత్రంతా వెలిగించి ఉంచే దీపం పెట్టె మూత తీసి, లోపల అవి దాక్కునే కోడిగుడ్ల అట్టలు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాను. మూడో అట్టలో ఉంది. బూడిదరంగు బంట్రోతే, కానీ భుజాల దగ్గర ఎర్రటి మచ్చ. నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. డబ్బీలో పెట్టి, కదలకుండా ఉంటుందని ఫ్రిజ్‌లో వెన్న పక్కన ఉంచాను.

మా ఆయన రెజ్ రొట్టెకు వెన్న తీసుకోబోయి చూశాడు. "ఏంటే ఇది? ఇవాళ నాకు కూర ఇదేనా?"

"ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా. దాని పేరు రేపట్నించి హాగ్‌బెన్ బంట్రోతు."

"సరేలే. మా నాన్న ఉంటే ఎంత పొంగిపోయేవాడో," అని నవ్వాడు. ఆ రోజు ఆయనా సంతోషించాడు.

సైకిలెక్కి డాక్టరు ఇంటికి వెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. అంతసేపు ఎందుకు చూశాడో నాకప్పుడే తెలియాల్సింది.

"మామూలు బంట్రోతేనమ్మా. రెక్కలు అరిగి రంగు మారింది," అన్నాడు.

"మరి ఆ ఎర్ర మచ్చ?"

"అది నీ ఆశ. డబ్బీ ఇక్కడే వదిలెయ్, నేను తోటలో ఎగరేస్తాలే."

వదిలేసి వచ్చాను. నాదే బుద్ధి తక్కువ. ఆ చలికాలం చిమ్మటల పత్రికలో పడింది. భుజాన ఎర్ర మచ్చ, దేశానికి కొత్త, ఆగస్టు పదిన డాక్టర్ థర్కెటిల్ తోటలో దొరికింది, పేరు థర్కెటిల్ బంట్రోతు. కంచే చేను మేసింది. వెళ్లి అడిగితే, "నాది వేరే ఎనిడ్, నువ్వు తెచ్చింది మామూలుది," అని నా ముఖంలోకి చూసి మరీ చెప్పాడు. మా చిమ్మటల సంఘంలో అందరికీ నేను నవ్వులాటైపోయాను. ఎవరైనా అరిగిపోయిన చిమ్మటను తెస్తే, "ఇది ఎనిడ్ వింత రా," అనేవాళ్లు. చివరికి నా కళ్లను నేనే నమ్మడం మానేశాను. ఇరవై ఏళ్లు, నేను చూసింది నిజంగా చూశానా అని నన్ను నేనే అడుక్కున్నాను. రెజ్ పోయే ముందు రోజు కూడా ఆయన్ను అడిగాను. "ఎర్రగానే ఉందే, నేను చూశాగా," అన్నాడు పాపం.

కిందటేడు డాక్టరు పోయాడు. చచ్చినవాడి కళ్లు చేరెడు కదా, ఊరంతా పొగడ్తలే. ఆయన భార్య మ్యురియల్ నాకు ఫోన్ చేసింది. ఆయన చిమ్మటలున్న సొరుగుల పెట్టెలు మ్యూజియానికి పంపాలి, చీటీలు చూసి జాబితా రాసివ్వమంది. నాకంటే తెలిసినవాళ్లు ఆమెకు ఇంకెవరూ లేరు.

బంట్రోతుల సొరుగు తెరిచాను. పదకొండు థర్కెటిల్ బంట్రోతులు వరసగా ఉన్నాయి. అన్నిటికంటే పాతదాన్ని పైకి తీసి చీటీ చదివాను. మా ఊరి పేరు. 9 ఆగస్టు 1984. పట్టినవారు: ఇ. హాగ్‌బెన్. ముత్యాల్లాంటి ఆయన దస్తూరీ.

చీటీని వెలుగుకు పట్టి మళ్లీ చదివాను. మ్యురియల్ టీ కప్పులతో వచ్చి, నా చేతిలో ఉన్నది చూసి, కప్పులు కింద పెట్టింది.

"మీకు తెలుసా?" అన్నాను.

"ఆ సొరుగు ఎవరికీ చూపించేవాడు కాదు. ఆయన సమాధి రాయి మీద ఆ చిమ్మట బొమ్మే చెక్కించానమ్మా. నీకిప్పుడు ఏం కావాలి?" అంది.

"నా పేరు."

"చీటీ అయితే మార్చలేదు కదా. చించి పారేసి ఉండొచ్చుగా? అది ఆయన మంచితనం అనుకో."

మంచితనమట. లోకానికంతటికీ అబద్ధం చెప్పినవాడు గోరంత కాగితానికి మాత్రం భయపడ్డాడు. నా ముఖానికి ఆ కాగితానికున్నంత విలువ కూడా ఇవ్వలేదు. టీ ముట్టకుండా వచ్చేశాను.

మ్యూజియానికి ఉత్తరం రాశాను. జవాబు చాలా మర్యాదగా వచ్చింది. మొదట దొరికిన తేదీ, పట్టినవారి పేరు వాళ్ల జాబితాలో సరిచేస్తారట. చిమ్మట పేరు మాత్రం పుస్తకాలన్నిటిలోనూ స్థిరపడిపోయింది కాబట్టి మార్చడం కుదరదట.

ఇప్పుడా చిమ్మటలు మా తీరమంతా స్థిరపడ్డాయి. ఇవాళ పొద్దున అట్టల్లో నాలుగు ఉన్నాయి. నోటుపుస్తకం తీసి, హాగ్‌బెన్ అని రాద్దామని పెన్ను పెట్టాను. చెయ్యి రాలేదు. ఆ పేరుతో చిమ్మట లేదు. తప్పుడు పేరు రాయడం నాకు చేతకాదు, ఆయన నేర్పిన చదువు అలాంటిది. థర్కెటిల్ బంట్రోతు, నాలుగు, అని రాశాను.