చివరి వరుసలో మందు

పాత స్నేహితుడు కాలిన్ గరాజ్‌లో తుపాకి మందు తూచే పని ఏళ్ల తరబడి ఫ్రెడ్రిక్‌దే. ఇన్వర్‌కార్గిల్‌లో రక్తపరీక్షల ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన తెలుగు మనిషి. కొలవకుండా చారులో ఉప్పు కూడా వేయడని భార్య విమలకుమారి వేళాకోళం చేస్తుంది. కాలిన్ తండ్రి జింకల వేటకు వాడిన పాత త్రీ-నాట్-త్రీ రైఫిలుకు దుకాణంలో కొన్న తూటాలు పడవు. పేలిన ఇత్తడి తొడుగులను శుభ్రం చేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమరు బిగించి, మందు తూచి పోసి, పైన గుండు నొక్కితేనే అది గురి తప్పదు. కాలిన్ మోకాళ్లు పనికిరాకుండా పోయాక, ఏప్రిల్‌లో మగజింకలు అరిచే రోజుల్లో ఆ రైఫిలు భుజాన వేసుకుని కొండెక్కేది ఫ్రెడ్రిక్ ఒక్కడే.

ఈ ఏడాది ఆ ఏర్పాటులోకి కిషన్‌రావు వచ్చాడు.

కరీంనగర్ మనిషి. వెల్లింగ్టన్‌లో ప్రభుత్వ కంప్యూటర్ల ఉద్యోగం చాలించి, కూతురి ఇంటికి దగ్గరగా ఉందామని ఇన్వర్‌కార్గిల్‌కు దిగాడు. కాలిన్‌ను పరిచయం చేసింది ఫ్రెడ్రికే. తుపాకి లైసెన్సు పరీక్షకు పుస్తకమిచ్చిందీ అతడే. ఇప్పుడు కాలిన్ అతణ్ణి 'కిష్' అంటున్నాడు. తన పాత ఉన్ని చొక్కా అతడికి ఇచ్చేశాడు. అతడు తెచ్చే సర్వపిండిని రెండు చేతులతో విరుచుకు తింటున్నాడు. విమలకుమారి చేసి పంపిన పూతరేకులను ఒకప్పుడు ఇదే మనిషి కాగితమనుకుని పక్కన పెట్టాడు.

కొత్తవాళ్లంటే ఎవరికైనా ఉండే కుతూహలమే ఇదని, కొన్ని వారాల్లో తగ్గుతుందని ఫ్రెడ్రిక్ మొదట అంచనా వేశాడు. వారాలు గడిచాయి. తగ్గలేదు. అంచనా తప్పిందని ఒప్పుకోవడానికి మాత్రం మనసు రాలేదు.

దీనికి తోడు, ఫ్రెడ్రిక్‌కు రక్తపోటు మాత్రల విషయం గుర్తుచేస్తూ ఉండమని విమలకుమారి కిషన్‌రావుకే పురమాయించింది. అతడు గరాజ్‌లో అడుగుపెట్టగానే మొదటి ప్రశ్న అదే.

"అన్నా, మందేసుకున్నవా?"

"వేసుకున్నాను, కిషన్‌రావు గారూ," అంటాడు ఫ్రెడ్రిక్. ఎంత కోపమొస్తే అంత మర్యాద అతడిది.

ఆ శనివారం ఉదయం తొడుగులన్నీ చెక్క దిమ్మ గుంటల్లో వరుసలుగా నిలబడి ఉన్నాయి. ఫ్రెడ్రిక్ ఒక్కొక్కటిగా మందు తూచి పోస్తున్నాడు. గుండ్లు నొక్కే పని కొత్తగా కిషన్‌రావుకు అప్పగించారు. చివరి వరుస మిగిలి ఉండగా కాలిన్ రైఫిలు తెరిచి, ఖాళీగా ఉందని ఇద్దరికీ చూపించి, కిషన్‌రావు చేతికిచ్చాడు.

"భుజానికి ఆనించి చూడు, కిష్. ఆఁ, అలా. నీ కోసమే చెక్కినట్టుంది. ఫ్రెడ్‌కు మెడ కాస్త పొడుగు."

ఫ్రెడ్రిక్ చేతిలోని చిన్న గరాటు ఆగిపోయింది. తన మెడ పొడవు ఇన్నేళ్లలో ఎవరికీ అడ్డం రాలేదు. గరాటు కింద పెట్టి, ఏదో పని ఉన్నట్టు కిటికీ దగ్గరికి వెళ్లి బయటకు చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి వెనకనుంచి కిషన్‌రావు గొంతు వినిపించింది. "అన్నా, మందే..."

మళ్లీ మాత్ర గొడవే. మాట పూర్తిగా వినకుండానే, వెనక్కి తిరగకుండానే, "అయింది," అన్నాడు ఫ్రెడ్రిక్.

గుండ్లు నొక్కే ప్రెస్ పిడి పైకీ కిందికీ కదిలిన చప్పుడు. పని అయిపోయింది.

తయారైన తూటాలను మళ్లీ ఒకసారి తూచడం ఫ్రెడ్రిక్ అలవాటు. చివరి వరుసకు వచ్చేసరికి త్రాసు ముల్లు ఎప్పటి గీత దాకా లేవలేదు. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. లోపల మందు లేదు. అలాంటి తూటాను పేలిస్తే ప్రైమరు ఊపుకు గుండు గొట్టం మధ్యదాకా వెళ్లి ఇరుక్కుంటుంది. తెలియక దాని వెనక రెండోది పేలిస్తే గొట్టం పగిలి మొహం మీదికి వస్తుంది.

భయం వేయవలసిన చోట ఫ్రెడ్రిక్‌కు పండగలా అనిపించింది. గుండు నొక్కేముందు టార్చి వేసి తొడుగు లోపలికి చూడాలని కిషన్‌రావుకు ఎన్నిసార్లు చెప్పాడు! ఇక ఏప్రిల్‌లో రైఫిలు ఎవరు మోయాలో వేరే చెప్పనక్కర్లేదు.

"కాలిన్, ఇలా రా. మన కిషన్‌రావు గారి పనితనం చూడు."

కాలిన్ త్రాసును చూశాడు. ముఖంలో నవ్వు పోయింది. "టార్చి వేసి చూడలేదా, కిష్?"

"లేదు. అది నా తప్పే," అన్నాడు కిషన్‌రావు. "కానీ ఫ్రెడన్నను అడిగాను. అయిందన్నాడు."

"మాత్ర గురించి అడిగాడు," అన్నాడు ఫ్రెడ్రిక్.

"ఏమని అడిగావో మీ భాషలో చెప్పు, కిష్."

"మందేసినవా, అని."

"మందు నాకు తెలుసు," అన్నాడు కాలిన్. "పౌడర్. నువ్వే నేర్పావుగా, ఫ్రెడ్."

నేర్పినమాట నిజమే. కానీ ఒక్క అర్థమే నేర్పాడు. ఇంట్లో ఆ మాటకు మాత్ర అని కూడా అర్థముందని ఇప్పుడు వివరించవలసి వచ్చింది. సగం చెప్పాక, ఆ వివరణ తనను ఎటు తీసుకుపోతున్నదో అర్థమై అక్కడితో ఆపేశాడు.

కిషన్‌రావు తెలుగులోకి దిగాడు. "గట్లెట్లయితదన్నా? గోలి సంగతైతే ఏసుకున్నవా అంట. ఇవి తొడుగులు గదా, అందుకే ఏసినవా అన్న. నువ్వు నా మాట మొత్తం ఇన్నవా అసలు?"

ఫ్రెడ్రిక్ త్రాసు మీది తూటా తీసి దిమ్మలో పెట్టాడు.

"సరే గని, ఇంతకీ గోలి ఏసుకున్నవా?"

ఫ్రెడ్రిక్ చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి వెళ్లింది. పొద్దున విమలకుమారి పెట్టిన మాత్ర రేకులో భద్రంగా అలాగే ఉంది.

"లేదు," అన్నాడు.

కిషన్‌రావు నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత తేలికగా ఉండేది. కాలిన్ రైఫిలును ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"ఏప్రిల్‌లో కిష్ మోస్తాడు. మందు నువ్వే పోస్తావు, ఫ్రెడ్. నీ చేతి మందే కావాలి నాకు. కానీ ఇద్దరూ టార్చి వేసి చూస్తారు."

చివరి వరుస గుండ్లు ఊడదీసి, ఫ్రెడ్రిక్ మళ్లీ మందు తూచి పోశాడు. కిషన్‌రావు టార్చి వేశాడు. తలలు రెండూ దిమ్మ మీదికి వంగాయి. ఆ ఉన్ని చొక్కాలో ఇంకా కాలిన్ పొగాకు వాసనే వస్తోంది. ఫ్రెడ్రిక్ ఊపిరి బిగబట్టి తొడుగులన్నీ చూశాడు.

పని ముగిశాక కాలిన్ కిషన్‌రావును పెరట్లోకి తీసుకువెళ్లి మగజింక అరుపు నేర్పసాగాడు. ఫ్రెడ్రిక్ కుళాయి దగ్గర నిలబడి మాత్ర మింగాడు. బయట కిషన్‌రావు అరుపు గిన్నె మీద గరిట గీసినట్టుంది. కాలిన్ పగలబడి నవ్వుతున్నాడు. ఆ అరుపుకు జింక రాదు, పక్కింటి కుక్క వస్తుంది. చాలాసేపటికి ఫ్రెడ్రిక్ మనసుకు కాస్త హాయి కలిగింది.

మూడోసారి కూడా అదే అరుపు వినిపించేసరికి ఉండబట్టలేక గుమ్మంలోకి వచ్చాడు.

"గొంతులోంచి కాదు, కిషన్‌రావు. పొట్టలోంచి. ఇంకా కిందికి దించు," అన్నాడు.

'గారూ' జారిపోయిన సంగతి ఆ తరువాతే గమనించాడు.